ఇంటి వేడిమి - దాని పొదుపు



వేడిమి లేనిదే గృహస్థుని దినము గడువదు. తెల్లవారుసరికి స్నానమునకు నీళ్లు కాగవలెను. ప్రొద్దెక్కుసరికి అన్నము ఉడుకవలెను. ఇంట బాలింతయో, పసిబిడ్డయో, కీళ్లనొప్పుల ముసలివారో ఉన్నచో మఱి రెండుమార్లు పొయ్యి వెలుగవలెను. పూర్వము సరుగుడు పుల్లలు, కొబ్బరి డొక్కలు, తాటి మట్టలు, పిడకలు పెరటిలోనే దొరకుచుండుటచే దీనికగు వ్యయము లెక్కలోనికి వచ్చెడిది కాదు. నేడు గ్యాసుబండ, కరెంటు గీజరు పల్లెలకును వచ్చినవి. సౌఖ్యము కలిగినది; ఆడవారికి పొగబాధ తగ్గినది. దానితోపాటు నెలనెలకు చెల్లింపవలసిన సొమ్మును కంటికి కనబడుచున్నది. కనుక వేడిమిని గూర్చి నాలుగు మాటలు విచారించుట వ్యర్థము కాదని తలచుచున్నాను.

నేను చెప్పదలచినది ఒక్కటే. వేడిమిని పొదుపు చేయుటయనగా చలికి వణకుట కాదు, చన్నీళ్లు పోసికొని ముక్కుచుండుట కాదు. కావలసిన చోట, కావలసినంత మాత్రము, కావలసినంత సేపే వేడి నుండునట్లు చూచుటయే పొదుపు. మంటను పెంచుట ఎవ్వరికైనను వచ్చును; దానిని ఏలుట నేర్చుకొనవలెను.

ముందుగా రెండు విషయములను వేఱుపఱచి తెలిసికొనవలెను. వేడి యొక్క మట్టము ఒకటి. వేడి యొక్క మొత్తము మఱియొకటి. గరిటెడు మరగునీటి మట్టము గంగాళమెడు గోరువెచ్చని నీటి మట్టముకంటె ఎక్కువ. కాని గంగాళములోని వేడి మొత్తము గరిటెలోని దానికంటె ఎన్నో రెట్లు. మట్టమును డిగ్రీలతోను, మొత్తమును కిలోక్యాలరీలతోను కొలుతురు. ఒక లీటరు నీటిని ఒక్క సెంటిగ్రేడు డిగ్రీ పెంచుటకు పట్టు వేడి ఒక కిలోక్యాలరీ. ఈ ఒక్క సూత్రము తెలిసినచో తక్కినదంతయు త్రైరాశికమే.

మఱియొక సూత్రము. నీరు పల్లమునకు పాఱునట్లు వేడి హెచ్చు మట్టమునుండి తగ్గు మట్టమునకు పాఱును. ఆ మట్టముల భేదమెంత యెక్కువయో పాఱుట అంత వడిగ నుండును. గాలి 25 డిగ్రీలలో నున్నదనుకొనుడు. 40 డిగ్రీల నీళ్లకును గాలికిని భేదము 15. 60 డిగ్రీల నీళ్లకును గాలికిని భేదము 35. రెండవ పాత్ర మొదటిదానికంటె రెట్టింపునకు మించిన వడితో తన వేడిని పోగొట్టుకొనును. అనగా అవసరమునకు మించి కాచినకొలదియు, కాచినది నిలువక త్వరగ పోవును.

ఈ రెండు సూత్రములను మన స్నానపు నీళ్లకు పట్టించి చూతము. మన ప్రాంతపు బావినీరు ఇంచుమించు 27 డిగ్రీల వేడిగ నుండును. ఒంటికి హాయియగు స్నానపునీరు 42 డిగ్రీలు. ఒక మనుష్యునికి 20 లీటర్లు చాలుననుకొన్నచో, 15 డిగ్రీలు పెంచవలెను గనుక పట్టు వేడి 300 కిలోక్యాలరీలు. ఆ 20 లీటర్లను మరగు వఱకు కాచినచో 73 డిగ్రీలు పెంచవలెను గనుక 1460 కిలోక్యాలరీలు పట్టును. అనగా ఇంచుమించు ఐదురెట్లు. మరగిన నీళ్లలో చన్నీళ్లు తొరపి ఐదుగురు స్నానము చేసినచో నష్టము స్వల్పమే. ఒక్కరు చేసి, తక్కినవి గంగాళములో చల్లాఱినచో ఐదు పాళ్లలో నాలుగు పాళ్ల వంటచెఱకు బూడిదలో పోసినట్లే.

ఈ విషయమున అందఱికంటె నిశితముగ లెక్క చూచుకొనవలసిన వారు చలిదేశముల వారు. మన ఉప్పాడ తీరమున ధనుర్మాసమునందు సైతము ఒక దుప్పటితో రాత్రి గడచును. వారికి ఆఱేడు నెలలు ఇల్లంతయు వెచ్చగ నుంచుకొననిదే బ్రదుకు లేదు. ఆ దేశముల మాట మనకేల యందురేమో! గోదావరి మండలమునుండి చదువులకును, ఉద్యోగములకును ఇంగ్లండు, జర్మనీ మొదలగు దేశములకు పోయిన పిల్లలు ఎందఱో కలరు. కూతురి పురిటికో, కోడలి పురిటికో మీలో కొందఱు ఆ దేశములకు పోయి వచ్చియుందురు. ఇకముందు పోవువారును కలరు. అచటి ఇంట వేడి ఎట్లు నడచునో తెలిసియుండుట పెద్దలకు మేలు. అది తెలిసినచో మన పెరటి బాయిలరు మర్మమును సులభముగ తెలియును.

అచటి యిండ్లలో పెక్కింట ఒక మూల గ్యాసుతో మండు బాయిలరు ఉండును. అందు కాగిన నీటిని చిన్న పంపు గొట్టముల ద్వారా గదిగదికిని పంపును. ప్రతి గదియందును గోడకు ఆనించి ఇనుప పలకవంటి రేడియేటరు అను సాధనముండును. వేడినీళ్లు దానిలో ప్రవేశించి, తమ వేడిని గదికిచ్చి, చల్లబడి మరల బాయిలరును చేరును. దీనిని మన కాలువల యేర్పాటుతో పోల్చుకొనవచ్చును. 1852లో కాటను దొరగారి యాజమాన్యమున ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి నీరు ప్రధానపు కాలువలలోనికిని, అచటినుండి పిల్లకాలువలలోనికిని, తూముల ద్వారా చేలలోనికిని వచ్చినది గదా! బాయిలరు ఆనకట్టవంటిది, గొట్టములు కాలువలు, రేడియేటరు చేను, దాని ప్రక్కనుండు వాల్వు అను మీట తూము.

కాలువ క్రింద సేద్యము చేయువారికి ఒక సంగతి అనుభవవేద్యము. తల దగ్గఱి చేలవారు తూములు బార్లా తెఱచుకొన్నచో శివారు చేలకు నీరందదు. రేడియేటర్లయందును అంతే. బాయిలరుకు దగ్గఱగ నున్న గది ఉడుకెత్తుచుండగా దూరపు గది చల్లగ నుండును. అజ్ఞానులు బాయిలరు మంటను పెంచుదురు. అనగా శివారు చేనికి నీరందలేదని ఏటికి వఱద రావలెనని కోరుటవంటిది. తెలిసినవారు దగ్గఱి రేడియేటరు రెండవ ప్రక్కనుండు మఱను కొంచెము బిగించి, దూరపుదానికి దారి విడుతురు. ఇది ఒక్కసారి సరిచేయించుకొన్నచో చాలును.

ఇక మీటను గూర్చి. పూర్వము దీనిని చేతితో తెఱచుట, మూయుట మాత్రమే యుండెడిది. డెన్మార్కు దేశీయుడైన మాడ్స్ క్లౌసెన్ 1943లో తనంతట తానే తెఱచుకొని మూసికొను మీటను కనుగొనెను. దాని తలలో మైనముగాని, ద్రవముగాని, వాయువుగాని నింపిన చిన్న గుళిక యుండును. గదిలోని గాలి వెచ్చనైనకొలదియు ఆ పదార్థము ఉబ్బి కడ్డీని నొక్కి నీటిదారిని మూయును. గాలి చల్లనైనచో కుంచించుకొని దారిని విడుచును. తూముకడ ఒక నమ్మకమైన కావలివానిని నిలిపినట్లన్నమాట. మీటమీద సాధారణముగ 1 మొదలు 5 వఱకు అంకెలుండును. 3 అను అంకె సుమారు 20 డిగ్రీలకు గుఱుతు.

ఇచట చాలమంది పొరపడుదురు. గది త్వరగ వెచ్చనగునని మీటను 5కు త్రిప్పుదురు. చల్లని గదిలో 3 వద్ద నున్నను మీట తెఱచియే యుండును. 5కు త్రిప్పినంతమాత్రమున గది అంతకంటె గొప్పగ త్వరపడదు. ఎచట ఆగవలెనో మాత్రమే ఆ అంకె చెప్పును. 5కు త్రిప్పి మఱచినచో గది ఉడికిపోవును. అప్పుడు కిటికీ తెఱతురు. సొమ్ము వీథిలోనికి పోవును. మీటను తెరచాటునగాని, సోఫా వెనుకగాని మఱుగుపఱచినచో తన చుట్టునున్న వెచ్చదనమునే గదియంతటి వెచ్చదనముగ భ్రమించి ముందుగనే మూసికొనును. తడిబట్టలను రేడియేటరుపై ఆరవేసినచో వేడి గదికి రాదు. గోడలకు చెమ్మయు బూజును పట్టును.

ఒక్క లెక్క చూడుడు. బయట 5 డిగ్రీలున్నదనుకొనుడు. మనవారు అలవాటు చొప్పున పలుచని చొక్కాతో కూర్చుండి ఇంటిని 25 డిగ్రీలకు కాచుకొన్నచో భేదము 20. ఉన్ని చొక్కా తొడిగికొని 20 డిగ్రీలతో తృప్తిపడినచో భేదము 15. ఇంటినుండి బయటికి పాఱిపోవు వేడిలో నాలుగవ వంతు తగ్గినది. ఒక చొక్కా చేసిన ఉపకారమిది. ఎవ్వరును లేని గదికి మీటను తగ్గించి తలుపు మూసియుంచుట రెండవ ఉపకారము. కాని బొత్తిగ కట్టివేయరాదు. గోడలకు చెమ్మ పట్టును. గడ్డకట్టు చలిలో గొట్టములు పగులును.

బాయిలరునందును ఒక అమరిక కలదు. గొట్టములలోనికి పోవు నీరు ఎన్ని డిగ్రీలుండవలెనో దానితో నిర్ణయింతురు. తఱుచుగ 75, 80 డిగ్రీలకు పెట్టి విడిచి పోవుదురు. నేటి బాయిలర్లకు ఇది తగదు. గ్యాసు మండునపుడు కొంత నీటియావిరి పుట్టును. ఆ యావిరి పొగగొట్టమున పోవుచు చాల వేడిని తనతో గొనిపోవును. రేడియేటర్లనుండి తిరిగివచ్చు నీరు 55 డిగ్రీలకు దిగువనున్నచో ఆవిరి ఆ చల్లదనమునకు తగిలి నీరై, తన వేడిని విడిచిపోవును. అట్టి బాయిలర్లనే పెట్టవలెనని 2005లో ఇంగ్లండులో నియమము చేసిరి. కాని అమరిక 80 వద్ద నున్నచో ఆ గుణము చాలవఱకు నిద్రపోవును. 60 డిగ్రీల వద్ద నుంచి, గదులు వెచ్చబడుటకు కొంచె మెక్కువ సేపు నడువనిచ్చుట పొదుపు. తీవ్రమైన చలిలో చాలకున్నచో కొంచెము పెంచుకొనవచ్చును. నీళ్ల తొట్టి వేఱుగ నున్న యిండ్లలో ఆ తొట్టిలోని నీటిని మాత్రము 60 డిగ్రీలకు తగ్గనీయరాదు. గోరువెచ్చగ నిలువయున్న నీటిలో రోగక్రిములు పెరుగును.

ఇంతవఱకు పరదేశపు మాట. ఇక మన పెరటికి వత్తము. మన యిండ్లలో రాగి బాయిలరు ఎఱుగనివా రుండరు. నడుమ నిలువుగ మంటగొట్టము, చుట్టును నీరు, క్రింద ఊచల జల్లెడ, దాని దిగువ బూడిద దిగు చోటు, ప్రక్కన కుళాయి. పెద్దలు చేసిన ఈ యేర్పాటు మిక్కిలి తెలివిగలది. మంట నీటి నడుమ నుండుటచే గాలికి పోవు వేడి తక్కువ. కాని దీనికిని ఒక తూము కలదని చాలమంది గుర్తింపరు. క్రింది బూడిద వాకిలియే ఆ తూము. గాలి ఆ వాకిట ప్రవేశించి, జల్లెడగుండ మంటనుచేరి, గొట్టమున పైకి పోవును. వాకిలి బార్లా తెఱచియున్నచో గాలి మిక్కుటముగ లాగి, నీటికి వేడినిచ్చు వ్యవధి లేకుండ మంటను పైకి గొనిపోవును. గొట్టము పైకొసన జ్వాల లేచుచున్నచో అది మంట యొక్క వైభవము కాదు. మన నష్టమునకు జెండా. మంట అంటుకొను వఱకు వాకిలి తెఱచి, నిప్పులైన పిదప ఒక పెంకుతోనో రేకుతోనో సగమునకు మించి మూయవలెను. నీళ్లు కాగిన పిదప క్రొత్త పుల్ల వేయక, ఉన్న నిప్పులతోనే తక్కిన పని గడుపుకొనవలెను. బూడిదను నాడునాడు తీయవలెను. గొట్టము లోపలి మసిని పక్షమున కొకసారి గీకవలెను. ఏలయన మసి కంబళివలె వేడిని నీటికి చేరనీయదు.

కట్టె తడిసియుండరాదు. తడి కట్టెలోని ఒక లీటరు నీరు మరగి ఆవిరియగుటకు 600 కిలోక్యాలరీలకు పైగ పట్టును. ఇందాకటి లెక్క ప్రకారము అది ఇద్దఱి స్నానమునకు చాలిన వేడి. వానకాలమున కట్టెలను చూరుక్రింద ఆరబెట్టుకొనని యింట ప్రతిదినము ఇద్దఱి స్నానము పొగలో కలియుచున్నదన్నమాట. మన యూరికి మఱియొక విశేషము కలదు. సముద్రపు గాలి యెడతెగక వీచును. పొయ్యి నోరు గాలికి ఎదురుగనున్నచో మంట పాత్రను విడిచి ప్రక్కకు పోవును. తూర్పుదిక్కున తడికగాని, మొలబంటి మట్టిగోడగాని కట్టుట పైసా ఖర్చులేని పొదుపు. అలలకోతకు లోనగుచున్న మన తీరమున ఆ మేరకు ఒక సరుగుడు చెట్టు నిలిచినను లాభమే.

పూర్వులు బిడ్డలకొఱకు గంగాళముతో నీళ్లు వాకిట ఎండలో పెట్టుట మీరెఱుగుదురు. ఆ నీరు ఎండకు 10 డిగ్రీలు ఎక్కినచో, కావలసిన 15 డిగ్రీలలో మూడింట రెండు వంతులు సూర్యభగవానుడే యిచ్చినట్లు. సాయంకాలపు స్నానమునకు ఇంతకంటె చవుకయైన ఉపాయము లేదు. మేడలపై నేడు పెట్టుచున్న సౌరయంత్రములు ఈ గంగాళమునకు మనుమలే.

కరెంటు గీజరు కలవారు దాని ప్రక్కనుండు థర్మోస్టాటు మఱను చూడవలెను. ఒక కరెంటు యూనిటు 860 కిలోక్యాలరీలకు సమానము. 25 లీటర్ల తొట్టి 27నుండి 50 డిగ్రీలకు వచ్చుటకు యూనిటులో మూడింట రెండు వంతులు పట్టును. 75 డిగ్రీలకు ఒకటిన్నర యూనిటుకు కొంచెము తక్కువ. 50, 55 డిగ్రీలు మన స్నానమునకు చాలును. స్నానమునకు ముందు వేసి, కాగగానే ఆర్పవలెను. దినమంతయు వేసియుంచినచో తొట్టి చల్లాఱుటకును మరల కాగుటకును సొమ్ము పోయుచుందుము. కొన్ని దినములు వాడక విడిచినచో, మరల వాడునపుడు ఒకసారి 60 డిగ్రీలకు కాచి ఆ నిలువ నీటిని పోగొట్టవలెను. మన తీరపు నీళ్లలో ఉప్పును సున్నమును ఎక్కువ గనుక లోపలి కడ్డీకి పెచ్చు కట్టును. ఏటికొకసారి తీయించి శుభ్రపఱచనిచో అది మసిపట్టిన గొట్టమువంటిదే యగును.

వంట విషయమున మన తెలుగుదేశపు కృషిని స్మరింపవలెను. హైదరాబాదు ఇంజనీరింగు పరిశోధనాలయమున ఆచార్య ఎస్. పి. రాజుగారు ఒక్క మంటతో పెక్కు పాత్రలు కాగునట్లును, పొగ గొట్టమున బయటికి పోవునట్లును పొయ్యి రూపొందించి, 1953లో దానినిగూర్చి గ్రంథము ప్రకటించిరి. పిదప 1983లో కేంద్ర ప్రభుత్వము మేలైన పొయ్యిల కార్యక్రమము నారంభించెను. 1999లో మన రాష్ట్రమున దీపము పథకము, 2016లో దేశమంతట ఉజ్జ్వల పథకము పేదయిండ్లకు గ్యాసును తెచ్చినవి. గ్యాసుపొయ్యి మీటయు ఒక తూమే. నీరు మరుగుటకు ముందు మంట ఎంతయున్నను ఫలము కలదు. మరిగిన పిదప ఎంత మంట పెట్టినను నీటి మట్టము 100 డిగ్రీలు దాటదు. అన్నము త్వరగ ఉడుకదు. ఆవిరి మాత్రము ఎక్కువగ లేచును. ఒక లీటరు నీరు ఆవిరియై పోయినచో 540 కిలోక్యాలరీలు ఇంటికప్పునకు సమర్పించినట్లు. కనుక పొంగు వచ్చినంతనే మంటను తగ్గించి మూత పెట్టవలెను. పప్పును ముందుగ నానబెట్టవలెను. మంట పాత్ర అడుగును దాటి ప్రక్కలకు పోరాదు.

చివరకు ఒక హెచ్చరిక. పొదుపు పేర ప్రాణము మీదికి తెచ్చుకొనరాదు. బొగ్గులు, కట్టెలు, గ్యాసు ఏదైనను గాలి చాలక మండినచో కార్బన్ మోనాక్సైడు అను విషవాయువు పుట్టును. దానికి రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే మనుష్యుని చంపును. బాలింతగదిలో నిప్పుల కుంపటి పెట్టి తలుపులు బిగించుట ఈ కారణముచేతనే ప్రమాదము. బూడిద వాకిలిని తగ్గించవచ్చును గాని బొత్తిగ మూయరాదు. బాయిలరు ఎప్పుడును ఆరుబయటనే యుండవలెను. చలిదేశములకు పోవువారు ఆ విషవాయువును పసికట్టి కూతపెట్టు చిన్న యంత్రము ఇంట కలదో లేదో అడిగి తెలిసికొనవలెను. చలికాలమున ఇల్లు 18 డిగ్రీలకు తగ్గరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2018లో సూచించినది. వృద్ధులకును, పసివాండ్రకును అంతకంటె కొంచె మెక్కువయే మేలు. బిల్లు పెరుగునని పిల్లలకు మొగమోటపడి పెద్దలు చలిలో కూర్చుండుట పొదుపు కాదు. ఆ సొమ్ము వైద్యునికి పోవును. కూర్చున్న గదిని వెచ్చగ నుంచుకొని తక్కిన గదుల మీటలు తగ్గింపుడు. పిల్లలకును లోపము లేదు, మీకును లోపము లేదు.

రేపు ఉదయము చేయదగిన పనులు మూడు. బాయిలరు బూడిద తీసి, వాకిటికి ఒక పెంకు సిద్ధపఱచుడు. గీజరు మఱ ఎచట నున్నదో చూచి 50, 55 డిగ్రీల నడుమకు దింపుడు. అన్నపుగిన్నె పొంగగానే మంట తగ్గించి మూత పెట్టుమని చెప్పుట గాక, ఒకనాడు మీరే పొయ్యికడ కూర్చుండి చేసి చూడుడు. నెల తిరుగుసరికి బండ ఎన్ని దినము లెక్కువ వచ్చినదో లెక్క వ్రాసికొనుడు. నా మాటకంటె ఆ లెక్క నమ్మదగినది.